టాల్ అంటే ఎంత?

ఆ ఆదివారం విశ్వేశ్వర్ వేసుకున్న పథకం చిన్నది. పొద్దున్నే తాండూరులో రైలెక్కాలి, వికారాబాద్‌లో దిగాలి, పెళ్ళికొడుకు ఇల్లు చూడాలి, మధ్యాహ్నం భోజనానికి తిరిగి తన ఇంటికి వచ్చేయాలి. పరాయి ఇంట్లో తింటే మొహమాటం పుడుతుందని, మొహమాటం పుడితే నష్టం పుడుతుందని ఆయన నమ్మకం.

విశ్వేశ్వర్‌కు తాండూరులో బండల పాలిష్ యూనిట్ ఉంది. గనుల నుంచి గరుకు బండ కొంటాడు. అంచులు కోసి, నునుపు చేసి అమ్ముతాడు. భార్య పోయి నాలుగేళ్ళు. ఆమె ఉన్నప్పుడు కూడా ఆయన పాలవాడిని నమ్మలేదు, పనివాళ్ళను నమ్మలేదు, గోడ గడియారాన్ని నమ్మలేదు. అయితే అప్పుడు చాలించమనే గొంతు ఒకటి ఇంట్లో ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

ఆయన లాల్చీకి రెండు జేబులు, రెండు జేబుల్లో రెండు టేపులు. ఎడమ జేబులోది తెల్లది. దాని మొదట్లో రెండంగుళాల ముక్క ఎక్కువ అతికించి ఉంటుంది, అందుకని ఏది కొలిచినా రెండంగుళాలు తక్కువ చూపిస్తుంది. అది కొనేటప్పుడు వాడేది. కుడి జేబులోది పసుపుది. దానికి మొదటి రెండంగుళాలు లేవు, అందుకని ఏది కొలిచినా రెండంగుళాలు ఎక్కువ చూపిస్తుంది. అది అమ్మేటప్పుడు వాడేది. ఇది మోసమని ఆయన ఏనాడూ అనుకోలేదు. లోకమంతా ఇలాగే కొలుస్తుందని, తాను జాగ్రత్త పడుతున్నానని మాత్రమే అనుకున్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు. ఇంట్లోకి వచ్చే వస్తువైతే చేయి ఎడమ జేబులోకి పోతుంది, ఇంట్లోంచి వెళ్ళే వస్తువైతే కుడి జేబులోకి పోతుంది. ఏ జేబులోకి పోవాలో ఆ చేయి ఆయనను అడగడం మానేసి చాలా కాలమైంది.

ఆయన కూతురు వైశాలికి ఇరవై ఆరేళ్ళు. తాండూరులోనే ఒక బ్యాంకులో పని చేస్తుంది. ఇప్పటికి మూడు సంబంధాలు వచ్చి పోయాయి. మొదటివాడి పళ్ళు మరీ తెల్లగా ఉన్నాయని విశ్వేశ్వర్ అనుమానించాడు. రెండోవాడు ఫోన్ చేయగానే ఎత్తాడని అనుమానించాడు. మూడోవాడి ఇంట్లో అడగకుండానే రెండోసారి చాయ్ పోశారు. ఏదో దాస్తున్నారని లేచి వచ్చేశాడు.

నాలుగోది వికారాబాద్ సంబంధం. పిల్లవాడి పేరు రూపేష్. తండ్రి రాఘవేంద్రకు బట్టల దుకాణం. పిల్లలిద్దరూ ఫోన్‌లో రెండు వారాలు మాట్లాడుకున్నారు. వైశాలికి నచ్చాడు. ఆ మాట ఆమె తండ్రితో సూటిగానే చెప్పింది.

"నాయినా, గీ సంబంధం గుడ చెడగొడితే మల్ల నా పెండ్లి మాట ఎత్తొద్దు. నేను ఎవ్వరి ముందట కూసోను."

విశ్వేశ్వర్ ఆ మాటను విన్నాడు. కాని ఆయన కళ్ళు ఫోన్‌లో వచ్చిన పిల్లవాడి బయోడేటా మీద ఉన్నాయి. చదువు రాశారు, గోత్రం రాశారు, దుకాణం రాశారు. ఎత్తు దగ్గర మాత్రం అంకె లేదు. 'టాల్' అని ఒక్క ఇంగ్లీషు మాట ఉంది.

"గిదేంది? ఎత్తెంత అంటే టాల్ అంట! అంకె రాస్తే చేతులు పడిపోతయా?"

"పొడుగుంటడని రాసిండ్రు నాయినా."

"పొడుగంటే ఎంత పొడుగు? నేను బండ అమ్మేటప్పుడు 'పొడుగు బండ' అని బిల్లు రాస్తనా?"

వంటింట్లోంచి ఆయన అక్క పుష్పమ్మ అందుకుంది. తమ్ముడి భార్య పోయినప్పటి నుంచి ఆమె ఈ ఇంట్లోనే ఉంటోంది. "తమ్మీ, పిలగాడు బండ కాదు."

"బండైతే నయం ఉండె. సప్పుడు చేయకుంట కొలిపించుకుంటది."

వైశాలి బయోడేటాలో ఈ ఇబ్బంది లేదు. నెల కింద ఆయనే స్వయంగా కూతురిని గోడకు ఆనించి నిలబెట్టి కొలిచాడు. ఆడపిల్ల, ఇంట్లోంచి వెళ్ళేది. చేయి కుడి జేబులోకి పోయింది. ఐదడుగుల ఆరంగుళాలు. ఆ అంకెను అలాగే రాసి పంపించాడు.

రూపేష్ బయోడేటా పట్టుకుని ఆయన వెనక వీధిలో ఉండే జంగప్ప సార్ దగ్గరికి వెళ్ళాడు. జంగప్ప సార్ సర్కారు బడిలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాడు. రిటైరైన తర్వాత ఆయనను ఎవరూ ఇంగ్లీషు అడగలేదు. అందుకని అడిగినవాడిని ఆయన తొందరగా వదలడు.

"టాల్ అనేది విశేషణం. మనిషికి అనాలె. చెట్టుకు, కరెంటు స్తంభానికి, బిల్డింగుకు అనొచ్చు. అనంతగిరి గుట్టకు అనొద్దు. గుట్టకు హై అనాలె."

"బండకు?"

"పండుకున్నదానికి లాంగ్. నిలబడి సన్నగ మీదికి పోయినదానికే టాల్."

"అది సరే సార్. ఎన్నడుగులుంటే టాల్?"

జంగప్ప సార్ కళ్ళజోడు తీసి తుడిచాడు. ఈ ప్రశ్న కోసం ఆయన ముప్పై ఏళ్ళు ఎదురు చూసినట్టున్నాడు. "గదే మజా. ఆ మాటకు అడుగులు లేవు. పక్కన పొట్టోడు నిలబడితే వీడు టాల్. పక్కన ఇంకా పొడుగోడు నిలబడితే వీడు కాడు. పక్కన ఎవ్వడు లేకుంటే అసలు ఏదీ చెప్పలేం."

"అంటే కొలత లేని మాట."

"ముందల అంకె పెట్టొచ్చు. ఫైవ్ ఫీట్ టాల్ అనొచ్చు. అప్పుడు పొడుగని కాదు, గంత ఎత్తని మాత్రమే. రెండడుగుల పిల్లగాడు గుడ టూ ఫీట్ టాలే."

విశ్వేశ్వర్ ముఖం మాడింది. "రెండడుగులోడు గుడ టాలేనా?"

"భాష ప్రకారం టాలే."

"మరి వీళ్ళు ముందలి అంకె తీసేసి టాల్ ఒక్కటే ఉంచితే?"

జంగప్ప సార్ కాసేపు ఆలోచించాడు. "భాష ప్రకారం తప్పు లేదు."

"వ్యాపారం ప్రకారం ఉన్నది," అని విశ్వేశ్వర్ లేచాడు.

ఇంటికి వచ్చి ఫోటోలు పంపమన్నాడు. మూడు వచ్చాయి. మొదటి దాంట్లో రూపేష్ మోటార్‌సైకిల్ మీద కూర్చున్నాడు. రెండో దాంట్లో అనంతగిరి గుట్ట మీద ఒంటరిగా నిలబడ్డాడు, వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. మూడో దాంట్లో తల్లి పక్కన ఉన్నాడు. ఆమె తల అతడి భుజం కిందికే ఉంది.

"సూసినవా అక్కా? ఒకదాంట్ల కూసున్నడు. ఒకదాంట్ల పక్కన మనిషే లేడు. ఒకదాంట్ల తల్లి ఉన్నది. ఆ తల్లి ఎంతున్నదో ఎవనికెరుక?"

"అయితే ఆమెది గుడ కొలత పంపుమను," అంది పుష్పమ్మ.

ఆయన నిజంగానే అడగబోయాడు. వైశాలి ఫోన్ లాక్కుంది.

ఆదివారం ముగ్గురూ రైలెక్కారు. ఇల్లు చూడటానికి పెళ్ళికూతురు ఎందుకని విశ్వేశ్వర్ అడిగితే, "ఆ ఇంట్ల ఉండేది నువ్వా, నేనా?" అని వైశాలి చెప్పులేసుకుంది. ధారూర్ స్టేషన్‌లో ఒకామె పెరుగు క్యాన్‌తో ఎక్కి ఎదురుగా కూర్చుంది. పేరు హన్మమ్మ. రోజూ వికారాబాద్‌లో పెరుగు అమ్ముతుందట. విశ్వేశ్వర్ ఊరుకునే మనిషి కాదు.

"వికారాబాద్ల బట్టల రాఘవేంద్ర సేటు ఎర్కేనా?"

"ఎందుకెర్క లేదు? కౌంటర్ ఎన్క నిలబడితే నెత్తి ఒక్కటే కనబడ్తది."

"కొడుకు?"

"కొడుకు పొడుగు. ఆ ఇంట్ల ఆ పిలగాడొక్కడే పొడుగు."

"ఎంత పొడుగు?"

"సేటు కన్న పొడుగు."

"సేటు ఎంతుంటడు?"

హన్మమ్మ కాస్త ఆలోచించింది. "మా పెద్ద పొట్టేలు ఎన్క కాళ్ళ మీద లేస్తది సూడు, గంత."

విశ్వేశ్వర్ కూతురి వైపు చూశాడు. 'ఇప్పుడేమంటావు' అన్నట్టున్న చూపు అది. వైశాలి కిటికీ వైపు తిరిగింది. హన్మమ్మ మాత్రం ఆగలేదు.

"సేటు మంచోడే గని అనుమానం మస్తు. మా ఇంటాయన బిచ్చయ్య మేస్త్రి. ఆ సేటు ఇంట్ల బండలు పరిచిండు. లెక్క ప్రకారం తెచ్చిన బండలు గోడ దాంక రాలే. ఒక వరుస తగ్గింది. నువ్వే ఎత్కపోయినవన్నడు. ఆరేండ్లాయె. దొంగ అని పేరు పడ్డంక ఎవ్వడు పని చెప్తడు? గందుకే నేను గీ క్యాన్ మోస్తున్న."

"అనుమానం మంచిది కాదమ్మా," అంది వైశాలి, తండ్రికి వినపడేట్టు.

"మేస్త్రీలు గూడ తక్కువోళ్ళు కాదు," అన్నాడు విశ్వేశ్వర్. ఆ బండలు ఎవరి యూనిట్‌వని ఆయన హన్మమ్మను అడగలేదు. అన్నీ అడిగే మనిషి అదొక్కటి అడగలేదు.

వైశాలి ఫోన్ తీసి రూపేష్‌కు ఒక ముక్క పంపింది. "మా నాయినకు నీ ఎత్తు మీద అనుమానం ఉన్నది. జర జాగ్రత్త." సాయం చేద్దామనే పంపింది. రూపేష్ ఆ ముక్కను తల్లి అంబికకు చూపించాడు. అంబిక కంగారు పడి, షాపులో కొత్తగా కొన్న మందం అడుగుల బూట్లు తెచ్చి కొడుకు కాళ్ళకు తొడిగించింది. వాళ్ళు వెళ్ళేదాకా విప్పొద్దని, అడిగేదాకా లేవొద్దని చెప్పింది. ఒక మంచి సంబంధం చెడిపోవడానికి ఇంతకంటే మంచి సలహా ఉండదు.

వికారాబాద్‌లో ఆ ఇంటి గుమ్మం చిన్నది. పుష్పమ్మ తప్ప మిగతా ఇద్దరూ తల వంచి లోపలికి వెళ్ళారు. హాలులో నేల మీద తాండూరు బండలు మెరుస్తున్నాయి. వెనక గోడ వెంట మాత్రం రెండడుగుల వెడల్పున ఉత్త సిమెంటు ఉంది. రూపేష్ కుర్చీలో కూర్చుని, లేవకుండానే నమస్కారం పెట్టాడు. కాళ్ళకు బూట్లు.

రాఘవేంద్ర నిజంగానే పొట్టి మనిషి. గొంతు మాత్రం పెద్దది. "రాండ్రి సేట్, రాండ్రి! కింద చూడుండ్రి, మీ యూనిట్ బండలే. ఆరేండ్ల కింద తెచ్చిన. అద్దం లెక్క ఉన్నయి. మేస్త్రి ఒక్కడే దొంగ దొరికిండు. గా వరుస ఎత్కపోయిండు."

విశ్వేశ్వర్ సిమెంటు వైపు చూశాడు. తర్వాత పై కప్పు వైపు చూశాడు. "మేస్త్రీలను నమ్మొద్దు సేట్," అన్నాడు.

వైశాలి తండ్రి కుడి జేబు వైపు చూసింది.

చాయ్ వచ్చింది. విశ్వేశ్వర్ దృష్టి చాయ్ మీద లేదు. రూపేష్ ఎందుకు లేవలేదు? ఇంట్లో బూట్లు ఎందుకు? ఆయన కప్పు కిందపెట్టి అటక వైపు చూపించాడు.

"గా ఇత్తడి బిందె మంచిగున్నది. జర దించు బాబూ, చూస్త."

రూపేష్ తల్లి వైపు చూశాడు. బిందె నిండా పాత సామాను. ఒంటి చేత్తో లాగితే నెత్తిన పడుతుంది. అతడు వెళ్ళి స్టూలు తెచ్చుకుని ఎక్కాడు.

"స్టూలు!" అన్నాడు విశ్వేశ్వర్, పక్కనున్న అక్క చెవిలో. "టాల్ అంట. స్టూలు లేనిది బిందె అందలే."

"బరువుంటదేమో."

"బూట్లు చూడు. అడుగులు రొట్టె లెక్క ఉన్నయి."

బిందె దిగింది. విశ్వేశ్వర్ దానిని చూడలేదు. "బాబూ, బూట్లు విప్పు."

అంబిక ముఖం ఎర్రబడింది. రాఘవేంద్ర కొడుకు కాళ్ళను అప్పుడే చూశాడు. "అరే, ఇంట్ల బూట్లేందిరా?" అన్నాడు. రూపేష్ బూట్లు విప్పి ఒక మూలన పెట్టాడు. వాటిని చూసి పుష్పమ్మ కూడా నిట్టూర్చింది.

"గోడకు నిలబడు," అన్నాడు విశ్వేశ్వర్.

పెళ్ళికొడుకు, ఇంట్లోకి వచ్చేవాడు. చేయి ఎడమ జేబులోకి పోయింది. తెల్ల టేపు వచ్చింది. రూపేష్ నెత్తి మీద టేపు ఆనించడానికి విశ్వేశ్వర్ మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది. అయినా ఆయన తన కళ్ళను నమ్మలేదు. టేపునే నమ్మాడు.

"ఐదడుగుల ఐదు! నా బిడ్డ ఐదడుగుల ఆరు. పిల్ల కంటే పొట్టోన్ని చూపిచ్చి టాల్ అని రాస్తరా? సేట్, నేను చదువుకోలేదనుకున్నరా? ఆ మాటకు అర్థం జంగప్ప సార్‌ను అడిగి తెలుసుకున్న. కొలత దాచెటోళ్ళ మాట అది!"

"నోరు జర సంభాళించుకో," రాఘవేంద్ర లేచాడు. లేచినా పెద్ద తేడా రాలేదు. "మా ఇంట్ల అందరం పొట్టోళ్ళం. వీడొక్కడు ఎదిగిండు. గుమ్మానికి నెత్తి కొట్టుకుంట పెరిగిండు. గందుకే మా ఆమె టాల్ అని రాసింది. అండ్ల ఏం మోసమున్నది?"

"బూట్లు మోసం కాదా?"

రూపేష్ మెల్లగా అన్నాడు, "అంకుల్, మేమిద్దరం ఒక్క నిమిషం పక్కపక్కన నిలబడితే సరిపోతది గదా."

"వద్దు!" పుష్పమ్మ గొంతు లేచింది. "మాట ఖాయం కాకముందే పిల్లను పిలగాని పక్కన జంటగ నిలబెడ్తరా? మా ఇంట్ల గట్ల లేదు."

ఇద్దరిలో ఎవరు పొడుగో తేల్చడానికి లోకంలో ఉన్న ఒకే ఒక్క సులువైన దారి అలా మూసుకుపోయింది.

రాఘవేంద్ర దుకాణంలోకి వెళ్ళి బట్టలు కొలిచే ఇనుప మీటరు తెచ్చాడు. దాని చివర తూనికలు కొలతల వాళ్ళ ముద్ర ఉంది. కొడుకును గోడకు నిలబెట్టి, పెన్సిలుతో గీత గీసి, మీటరును రెండుసార్లు పెట్టాడు.

"నూట డెబ్బై సెంటీమీటర్లు. అంటే ఐదడుగుల ఏడు. ముద్ర ఉన్న మీటరు సేట్ ఇది."

"ముద్ర ఏసినోన్ని ఎవడు కొలిచిండు? బట్టల దుకాణపోళ్ళ మీటరు సంగతి నాకు తెల్వదా?"

"బండల దుకాణపోళ్ళ టేపు సంగతి నాకు తెల్వదా?"

ఇద్దరు వ్యాపారులు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరి లోపల ఏముందో మరొకరికి బాగా తెలిసినట్టుంది ఆ చూపు. రాఘవేంద్రకే ముందు ఆలోచన వచ్చింది.

"మీ మాట వద్దు, నా మాట వద్దు. కింద మీ బండ ఉన్నది. రెండడుగుల బండ అని మీరే బిల్లు రాసిచ్చిండ్రు. రెండు కొలతలు దాని మీద పెడదాం. ఏది రెండడుగులు చూపిస్తే అదే సచ్చా, అదే నిజం."

తెల్ల టేపు పెడితే ఆ బండ ఎంత చూపిస్తుందో ఈ హాలులో ఆయన ఒక్కడికే తెలుసు. ఆయనకూ, ఇంకొకరికీ. ఆ ఇంకొకరు సోఫా అంచున కూర్చుని తన చేతుల వైపు చూసుకుంటోంది.

చేయి తెల్ల టేపును లోపలికి తోసి, కుడి జేబులోంచి పసుపు టేపును తీసింది. "అది పాతదైంది. ఇదే అసలుది," అని ఆయన బండ మీద పరిచాడు. "సూడుండ్రి! ఇరవై నాలుగంగుళాలు. రెండడుగులు. చాలునా?"

రాఘవేంద్ర పక్కనే మీటరు పెట్టాడు. యాభై ఆరు సెంటీమీటర్లు. రెండుసార్లు చూశాడు. "ఇరవై రెండు అంగుళాలే వస్తున్నది," అన్నాడు నెమ్మదిగా. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. మీ పసుపుదే సచ్చా అనుకుందాం. దాంతోనే మా వాన్ని మల్ల కొలువుండ్రి."

కొలవక తప్పలేదు. పసుపు టేపు కింద రూపేష్ ఐదడుగుల తొమ్మిది అంగుళాలు.

"ఇంతకుముందే ఐదడుగుల ఐదన్నవ్," అంది పుష్పమ్మ. "పిలగాడు ఇంకా పెరుగుతున్నడా తమ్మీ?"

పది నిమిషాల్లో రూపేష్ నాలుగంగుళాలు పెరిగాడు. నవ్వాలో వద్దో అతడికి తెలియలేదు. రాఘవేంద్ర చేయి చాపాడు. "తెల్లది గుడ తియ్యి." విశ్వేశ్వర్ తీయలేదు. రాఘవేంద్రే ఆ జేబులోంచి టేపును లాగి బండ మీద పెట్టాడు. ఇరవై అంగుళాలు.

"ఒక్క బండ. మూడు కొలతలు. ఇదెట్ల సేట్?"

"ఎండకు టేపు సాగుతది."

"మరి పసుపుది కుంచించుకపోయింది గదా."

విశ్వేశ్వర్ ఇంకో అబద్ధం వెతుక్కుంటున్నాడు. దొరికేదే. ముప్పై ఏళ్ళలో దొరకని రోజు లేదు. అంతలో వైశాలి లేచింది.

"తెల్లది కొనే టేపు. రెండంగుళాలు తక్కువ చూపిస్తది. పసుపుది అమ్మే టేపు. రెండంగుళాలు ఎక్కువ చూపిస్తది. నన్ను పసుపుదాంతోటి కొలిచిండు, ఆయనను తెల్లదాంతోటి కొలిచిండు. నేను ఐదడుగుల నాలుగే. బడి నుంచి నాకు ఎర్కే."

"బిడ్డా!" అన్నాడు విశ్వేశ్వర్.

"నువ్వు బండలను ఎట్లనన్న కొలువు నాయినా. మనుషులను గుడ గట్లనే కొలుస్తివి."

రాఘవేంద్ర కళ్ళు మెల్లగా గదంతా తిరిగి, వెనక గోడ దగ్గర ఆగాయి. బండకు రెండంగుళాలు తక్కువ. అటు నుంచి ఇటు పన్నెండు వరుసలు లెక్క వేసుకుంటూ పోతే తక్కువయ్యేది ఎంతో ఆయన నోటి లెక్కకు అందింది. సరిగ్గా ఒక వరుస. ఆయన ఫోన్ తీసి, ఆరేళ్ళుగా ముట్టని ఒక నంబరు నొక్కాడు. స్పీకరు మీద పెట్టడం ఆయన అలవాటు.

"ఎవలు?"

"బిచ్చయ్యా, నేను రాఘవేంద్రను."

"ఏంది సేటూ, ఇంకో వరుస తగ్గిందా?"

"నువ్వు ఆ బండలు ఎత్కపోలే."

"గది నాకెర్కే సేటూ. నీకెవలు చెప్పిండ్రు?"

రాఘవేంద్ర వైశాలి వైపు చూశాడు. "ఒక పిల్ల చెప్పింది," అన్నాడు. "రేపు రా. మాట్లాడుకుందాం." అవతల బిచ్చయ్య సరే అనలేదు, కాదనలేదు. ఫోన్ పెట్టేశాడు. ఆరేళ్ళ దొంగ పేరు ఒక్క ఫోన్‌తో పోదని ఆయనకు తెలుసు.

వైశాలి తన బ్యాగు భుజాన వేసుకుంది. నాలుగో సంబంధం కూడా అయిపోయిందని, ఈసారి చెడగొట్టింది తానేనని ఆమె అనుకుంది. గుమ్మం దగ్గర తల వంచబోతుంటే వెనక నుంచి అంబిక గొంతు వినిపించింది.

"యాడికి బిడ్డా? బూట్లు తొడిగిన మేము కూసున్నం. నిజం చెప్పిన నువ్వు పోతవా?"

"మా నాయిన..."

"మీ నాయిన జేబులు మీ నాయినయి. పోయి వాని పక్కన నిలబడు. ఒక్కసారి కండ్లతోటి చూస్త."

అందరూ పుష్పమ్మ వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకుంది. "మాట ఖాయం కాకుంట నిలబెట్టొద్దన్న. గిప్పుడు మాటే లేకుంట పోతున్నది. నిలబడు బిడ్డా."

వైశాలి వెళ్ళి నిలబడింది. బూట్లు లేవు, టేపు లేదు, మీటరు లేదు. రూపేష్ ఆమె కంటే మూడంగుళాలు ఎక్కువ ఉన్నాడు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ అది కనిపించింది. విశ్వేశ్వర్‌కు కూడా కనిపించింది. కాని ఆయన ఒప్పుకోవడానికి ఇంకొంచెం టైం పట్టింది.

"టాల్ అని మేము అంకె లేకుంట రాసినం," అంది అంబిక. "అది నిజమైంది. మీరు అంకె ఏసి రాసిండ్రు. అదే అబద్ధమైంది."

మాట అక్కడే ఖాయమైంది. రాఘవేంద్ర ఒక్క షరతు పెట్టాడు. పెళ్ళిలోపు ఆ సిమెంటు జాగా నిండాలి. ఏడు బండలు పడతాయి, ఒక్కొక్కటి నిజమైన రెండడుగులు. పరిచేది బిచ్చయ్యే. కొలిచేది మీటరుతోనే. విశ్వేశ్వర్ తల ఊపాడు. వైశాలి ఆయన ముందు చేయి చాపితే రెండు జేబులూ ఖాళీ చేసి టేపులు ఆమెకు ఇచ్చేశాడు. ఆమె వాటిని బ్యాగులో వేసి జిప్పు లాగింది.

మధ్యాహ్నం భోజనం ఆ ఇంట్లోనే చేయాల్సి వచ్చింది. అనుకున్నట్టే మొహమాటం పుట్టింది.

పది రోజులకు తాండూరు నుంచి ఆటో ట్రాలీ వచ్చింది. ఏడు బండలు పంపించానని విశ్వేశ్వర్ ఫోన్ చేసి చెప్పాడు. రాఘవేంద్ర మీటరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ప్రతి బండా సరిగ్గా రెండడుగులు ఉంది, వెంట్రుకంత తేడా లేదు. బిచ్చయ్య ఒక్కొక్కటే మోసుకొచ్చి పరిచాడు. చివరికి గోడ మూలన ఒక బండ పట్టేంత సిమెంటు మిగిలింది. ట్రాలీలో ఆరే ఉన్నాయి.

ఈసారి రాఘవేంద్ర మేస్త్రిని అనుమానించలేదు.